సైకిల్ మామయ్య నాడి చూసిన వైనం

మనిషికి నమ్మకం మనసులో ఉంటుందంటారు. మన సైకిల్ మామయ్యకు మాత్రం అది కుడిచేతి బొటనవేలిలో ఉండేది. టైరులో గాలి సరిపోయిందో లేదో ఆ వేలితో ఒక్క నొక్కు నొక్కి చెప్పేసేవాడు. "ఇంకొంచెం కొట్టాలి" అంటే ఇంకొంచెం కొట్టాలి, "చాలు" అంటే చాలు. గాలి కొలిచే మీటరు లేక కాదు. ఎవరో అభిమానంగా కొనిచ్చిన మీటరొకటి కొట్లో మేకుకు వేలాడుతూనే ఉండేది, కొన్ననాటి మెరుపు చెక్కుచెదరకుండా. దాన్ని వాడవేమని ఎవరైనా అడిగితే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. "నా వేలుండగా నాకు ముల్లు చూసుకునే ఖర్మేం పట్టింది?" అనేవాడు. అడిగినవాడు కిక్కురుమనకుండా సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు.

కొట్టు ఒక మేడ మెట్ల కింద ఉండేది. ఒక పక్క పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి, ఇంకో పక్క నూనె డబ్బాలు, పైన కొక్కేలకు పాత చక్రాలు. నిటారుగా నిలబడితే తల మెట్లకు తగులుతుంది కాబట్టి పెళ్ళికి ముందు నుంచీ మామయ్య అందులో సగం వంగే తిరిగాడు. బయటికి వచ్చాక నిటారుగా నిలబడటం ఒక్కోసారి మర్చిపోయేవాడు కూడా.

ఆ నొక్కి చూసే అలవాటు టైర్లతో ఆగితే బాగుండేది. బ్రెడ్డు తాజాదో కాదో నొక్కి చూస్తాడు. దిండు నొక్కి చూస్తాడు. సోఫా కొనడానికి వెళితే కూర్చుని చూడడు, నొక్కి చూస్తాడు. ఆయన వస్తున్నాడంటే బేకరీవాళ్ళు బన్నుల పళ్ళెం లోపలికి జరిపేసుకునేవాళ్ళు. "పెళ్ళికి ముందు నన్ను కూడా ఓసారి నొక్కి చూడాల్సింది, ఎంత మొండిదాన్నో అప్పుడే తెలిసొచ్చేది," అని ఆయన భార్య ఆటపట్టించేది.

ఆవిడ సంగతీ చెప్పాలి. వీధిలో పిల్లలందరికీ ఆవిడ వ్యాన్ అత్తయ్య. మొదట్లో బడి వ్యానులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయాగా ఉండేది. ఒకనాడు డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేశాడు. పిల్లలు గేటు దగ్గర సంచులు మోసుకుని నిలబడిపోయారు. అది చూసి ఆవిడ, "నేను నేర్చుకుంటాను," అంది. నలభై దాటిన ఆడమనిషి స్టీరింగు పట్టుకోవడమేమిటని అందరూ నవ్వారు. మామయ్య నవ్వలేదు. పక్క సీట్లో కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "నువ్వు తిప్పు, నేనున్నాను," అన్నాడు. కళ్ళు మూసుకున్నవాడు ఉండి ఏం చేస్తాడో ఆయనకే తెలియాలి! కానీ ఆవిడ నేర్చుకుంది. సందుల్లో వెనక్కి తిప్పాలంటే మగాళ్ళకే చెమటలు పట్టే మలుపుల్లో కూడా ఆవిడ ఒంటిచేత్తో తిప్పేసేది, రెండో చెయ్యి వెనక సీట్లో కొట్టుకునే పిల్లలకు చూపిస్తూ. ఆ వ్యానంటే ఆవిడకు ప్రాణం. పొద్దున్నే తాళం తిప్పినప్పుడు ఆవిడ ముఖంలో వెలుగు చూడటానికే మామయ్య కిటికీ దగ్గర టీ తాగేవాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, పిల్లల్ని దించేసి వ్యాను ఊడుస్తుండగా అత్తయ్యకు కళ్ళు తిరిగాయి. సీటు పట్టుకుని కూర్చుండిపోయింది. కబురు అందగానే మామయ్య చేతికున్న నూనె కూడా తుడుచుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అన్ని పరీక్షలూ చేశారు, ఈసీజీ తీశారు. గుండె నిక్షేపంలా ఉంది, రక్తం కాస్త తక్కువ, పొద్దున ఏమీ తినకుండా పరుగెత్తడం మానెయ్యమన్నారు. "కళ్ళు తిరిగాయి కాబట్టి కొన్నాళ్ళు ఇంట్లో పొద్దున్నే పల్స్ చూసుకోండమ్మా," అని నర్సమ్మ అత్తయ్య చెయ్యి పట్టుకుని ఎలా చూసుకోవాలో చూపించింది.

సరిగ్గా అప్పుడు మన మామయ్య గదిలో లేడు. ఆస్పత్రి బయట ఎవరిదో సైకిలుకు గొలుసు ఊడి వేలాడుతోంది. అది చూసి ఆయన ఎలా ఊరుకుంటాడు? గొలుసు ఎక్కించి, టైరు కూడా ఓసారి నొక్కి చూసి, తీరిగ్గా లోపలికి వచ్చేసరికి నర్సమ్మ చివరి మాటల్లో ఉంది.

"లేచిన వెంటనే వద్దు. కాసేపు కుదురుగా కూర్చుని, టీ తాగకముందు చూసుకోండి. గడియారం పెట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టండి. అరవైకీ వందకీ మధ్య ఉంటే ఏ గొడవా లేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఒకేలా ఉందా లేదా అన్నది కూడా చూడండి. ఎప్పుడో ఒక దెబ్బ తప్పిందని హడలిపోవద్దు, అది అందరికీ ఉండేదే. అస్తమానం గతి తప్పి కొట్టుకుంటుంటే మాత్రం రండి."

"ఎలా చూడాలో మీకూ చూపించనా బాబాయ్?" అని కూడా అడిగింది పాపం.

"నాకా?" అన్నాడు మామయ్య, తన బొటనవేలు కేసి చూసుకుని. "నాకెందుకమ్మా!"

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే కిటికీ పక్కన ఇద్దరూ ఎదురెదురుగా కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళు. అత్తయ్య చెయ్యి చాపేది. మామయ్య ఆ మణికట్టును కింద నాలుగు వేళ్ళతో పట్టుకుని, పైన బొటనవేలు ఆనించి, గోడ గడియారం చూస్తూ పెదాలతో లెక్కపెట్టేవాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా వాళ్ళు అలా చేతులు పట్టుకుని కూర్చున్నది లేదు. మొదటిరోజు అత్తయ్యకు నవ్వాగలేదు. "ఈ వయసులో ఇదేం సరసమండీ," అంది. "నవ్వకు, లెక్క తప్పుతుంది," అని ఆయన కసిరాడు. నిమిషం అవగానే, "డెబ్బై రెండు. ఒక్కటంటే ఒక్కటి అటూ ఇటూ కాలేదు. గట్టి గుండె," అని తేల్చేవాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని వ్యాను తాళాలు అందుకునేది. వాళ్ళ కాపురంలో అంత హాయిగా గడిచిన పొద్దులు లేవంటే నమ్మాలి.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున మామయ్య వేలి కింద ఏదో తేడా తగిలింది. రెండు దెబ్బలు వెంటవెంటనే పడ్డాయి. తర్వాత ఏమీ లేదు. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఇంకోటి పడింది, ఆ వెంటనే మూడు గబగబా పరుగెత్తాయి, మళ్ళీ ఖాళీ. ఒక వరస లేదు, పద్ధతి లేదు. మామయ్యకు గుండె గుభేలుమంది.

"ఎంత?" అంది అత్తయ్య.

"లెక్క తప్పింది. మళ్ళీ చూస్తా."

మళ్ళీ చూశాడు. అదే తీరు. మర్నాడు చూశాడు, ఆ మర్నాడూ చూశాడు. చివరికి ఆగలేక, "ఏమే, నీకు గుండె దడగా ఉంటోందా?" అని అడిగాడు.

"లేదే! గుండ్రాయిలా ఉన్నాను."

"ఆయాసం?"

"లేదు."

"మరి నీ నాడి గతి తప్పిందేమే!" అంటూ బావురుమన్నాడు. ఏడుపు ఆయనకే ఆశ్చర్యంగా ఉంది. పెద్ద పెద్ద కష్టాల్లో కూడా ఏడవని మనిషి.

ఆస్పత్రికి వెళదామన్నాడు. అత్తయ్య ససేమిరా అంది. ఆవిడ భయం ఆవిడది. బడి వ్యాను నడిపేవాళ్ళు ఏటా డాక్టరు సంతకంతో కాగితం ఇవ్వాలి. గుండెలో ఏదో ఉందని ఒకసారి రాశారంటే ఇక ఆ తాళాలు ఆవిడ చేతికి రావు. "నాకేమీ లేదు. మీరు నన్ను ఆస్పత్రికి లాక్కెళ్ళి లేనిదాన్ని ఉందని రాయిస్తారు. నన్ను ఇంట్లో కూర్చోబెడితే నిజంగానే గుండాగి పోతాను," అంది.

"ఇరవైమంది పసిపిల్లలే వెనక! వాళ్ళను ఎక్కించుకుని మధ్య దారిలో నీకేమన్నా అయితే?"

 పిల్లల మాటెత్తితే ఆవిడ ఎవరికైనా లొంగుతుంది. రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు తాళాలు తీసి, పక్కవీధిలో ఉండే తమ్ముణ్ణి పిలిచి, అతని చేతిలో పెట్టింది. "నాలుగు రోజులు చూడరా. మీ బావకు పిచ్చి తగ్గేదాకా," అంది. ఆస్పత్రికి మాత్రం రానంది.

ఆ తమ్ముడు మంచివాడే, కానీ వ్యాను తోలితే కుదుపులు లెక్కపెట్టుకోవాల్సిందే. బ్రేకు వేస్తే వెనకవాళ్ళ డబ్బాలు ముందుకొచ్చేవి, గేరు మారిస్తే ముందువాళ్ళు వెనక్కి పోయేవాళ్ళు. ఒక పిల్ల ఇంటికొచ్చి, "అత్తయ్యా, నువ్వెప్పుడొస్తావు? మాకు కడుపులో తిప్పుతోంది," అని నిలదీసింది. అత్తయ్య లోపలికి వెళ్ళి గిన్నెలన్నీ కింద పడేసి మళ్ళీ సర్దింది. ఊరుకుంటే ఊపిరాడని మనిషి, ఆ వారం అంతా ఇల్లు పీకి పందిరేసింది. వ్యాను వెళ్ళే వేళకు మాత్రం కిటికీ దగ్గరికి వచ్చేది కాదు.

మామయ్యకు అది చూస్తే ప్రాణం ఉసూరుమనేది. దిగులుతో తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. రెండు టైర్లకు గాలి కొట్టేసరికి ఆయాసం వచ్చి తొట్టి అంచున కూలబడేవాడు. గుండెలో ఏదో రెక్కలు కొట్టుకున్నట్టు ఉండేది. పెళ్ళానికి బాగాలేకపోతే మొగుడికి ఆ మాత్రం ఉండదా అని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు.

పక్కకొట్లో తాళాలు చేసే ముసలాయన ఉండేవాడు. అందరూ తాళాల తాత అంటారు. మామయ్య వాలకం చూసి, "ఏంట్రా అబ్బాయ్, ముఖం వేలాడేశావ్?" అన్నాడు. మామయ్య సంగతంతా చెప్పుకొచ్చాడు. చెబుతూ చెబుతూ, నాడి ఎలా గెంతుతోందో చూపించడానికి తాత మణికట్టే పట్టుకుని బొటనవేలు ఆనించాడు. మాట సగంలో ఆగిపోయింది.

"తాతా, నీకూ ఉంది!"

"ఏముంది?"

"అదే! రెండు గబగబా, ఒకటి ఖాళీ!"

తాత ఏమాత్రం తొణకలేదు. "ఇన్నేళ్ళొచ్చినా ఇంకా కొట్టుకుంటోందిగా, చాల్లే. వరసలో కొట్టుకుంటే ఏమన్నా బహుమానం ఇస్తారా?" అని ఆకురాయి తీసుకుని తాళంచెవి అరగదీయడంలో పడ్డాడు.

మామయ్యకు మాత్రం బుర్ర తిరిగిపోయింది. సాయంత్రం బావమరిది వ్యాను పెట్టడానికి రాగానే అతని చెయ్యి పట్టుకున్నాడు. వాడికీ అంతే! ఇంటిపక్కావిడ ఉప్పుకోసం వస్తే ఆవిడ చెయ్యీ చూశాడు. ఆవిడకూ అంతే! ఇక ఆయనకు అంతా తేటతెల్లమైపోయింది. వీధంతా ఒకే ట్యాంకు నీళ్ళు తాగుతోంది. ఆ నీళ్ళలోనే ఏదో కలిసింది. వీధి వీధంతా గుండెజబ్బు! నవ్వుకోకండి, ఆ పూట ఆయన ఎంత గట్టిగా చెప్పాడంటే వినేవాడికి అనుమానం వచ్చే సందు లేదు. బావమరిదికైతే కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాడు అసలే తుమ్మొస్తే జ్వరమని పడుకునే రకం. "బావా, నేను చిన్నపిల్లల తండ్రిని," అంటూ గుండె పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

"పద, ఆస్పత్రికి," అన్నాడు మామయ్య.

"అక్కా, నువ్వూ రా," అన్నాడు తమ్ముడు. "నీకు లేకపోతే నాకూ లేదు. నీకుంటే నాకూ ఉంది. నువ్వు రాకపోతే నాకెలా తెలుస్తుంది?"

అత్తయ్యకు ఒళ్ళు మండింది. కానీ తమ్ముడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఇలా రోజుకో గొడవ పడేకంటే ఏదో ఒకటి తేలిపోతేనే మంచిదని, నోటికొచ్చిన నాలుగు తిట్లూ ఇద్దరికీ సమానంగా పంచి బయల్దేరింది. దారి పొడుగునా ఆవిడ మనసు తాళాల మీదే ఉంది. ఇవాళ్టితో వ్యాను దక్కడమో పోవడమో తేలిపోతుందని ఆవిడకు తెలుసు.

ఆస్పత్రిలో అదే నర్సమ్మ. ముందు అత్తయ్యను పడుకోబెట్టి ఈసీజీ తీసింది. కాగితం బయటికి వస్తుంటే మామయ్య తలుపు సందులోంచి మెడ చాపి చూస్తున్నాడు. నర్సమ్మ కాగితాన్ని డాక్టరమ్మకు చూపించి వచ్చి, "చక్కగా ఉందమ్మా. వేలెత్తి చూపడానికేం లేదు," అంది. తర్వాత తమ్ముణ్ణి చూసింది. అతనిదీ చక్కగానే ఉంది. అతను అప్పటికప్పుడు లేచి చొక్కా గుండీలు పెట్టుకుని, ఆకలేస్తోందన్నాడు.

అత్తయ్య మంచం మీంచి దిగి మామయ్య ముందుకొచ్చి నిలబడింది. "విన్నారా? చక్కగా ఉందట! వారం రోజులు నన్ను ఇంట్లో కట్టేసి పడేశారు," అంది. గొంతులో కోపం ఉంది గానీ, కళ్ళలో ఆనందం దాగలేదు.

మామయ్య ఒప్పుకుంటేనా? "మీ మిషను తప్పు చెబుతోందమ్మా," అన్నాడు నర్సమ్మతో. "నేను రోజూ చూస్తున్నాను. నా వేలికి తెలిసింది మీ మిషనుకు తెలియదా? మళ్ళీ తియ్యి."

ఎవరైనా అయితే విసుక్కునేవాళ్ళు. ఆ పిల్ల ఓర్పుగల మనిషి. "మీరెలా చూస్తున్నారో ఓసారి చూపించండి బాబాయ్," అని తన చెయ్యి ముందుకు చాపింది.

మామయ్య ఆ చేతిని కింద నాలుగు వేళ్ళతో పట్టుకుని పైన బొటనవేలు గట్టిగా ఆనించాడు. క్షణం విన్నాడు. ఆయన ముఖం పాలిపోయింది. "అమ్మా! నీకూ ఉంది తల్లీ!"

నర్సమ్మ పకపకా నవ్వింది. "బాబాయ్, బొటనవేలితో చూడకూడదు. ఆ వేలికి సొంత నాడి ఉంటుంది. మీకు తెలిసేది ఎదుటివాళ్ళది కాదు, మీ..."

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ పిల్ల మామయ్య చెయ్యి తిప్పి, ఆయన బొటనవేలి మొదట్లోంచి మణికట్టు మీదికి మూడు వేళ్ళు జార్చి, ఎముక పక్కనున్న పల్లంలో మెల్లగా ఆనించింది. రెండో చేతి గడియారం కేసి చూస్తూ నిలబడింది.  నిమిషం నిండాక, "బాబాయ్, చొక్కా విప్పి ఆ మంచం మీద పడుకోండి," అంది.

"నేనా? నాకెందుకు?"

"పడుకోండి," అంది అత్తయ్య. ఆవిడకు అర్థమైపోయింది.

కాగితం మీద గీతలు వచ్చాయి. ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా, వరసాపాడూ లేకుండా. డాక్టరమ్మ ఆ కాగితాన్ని చేత పట్టుకుని వచ్చి మామయ్య పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. మెల్లగా, తొందర లేకుండా చెప్పింది. గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు ఉంటాయి. పై గదులు ముడుచుకుని రక్తాన్ని కిందికి పంపాలి. ఈయన గుండెలో పై గదులు ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతున్నాయి. అందుకే దెబ్బలు ఇష్టమొచ్చినట్టు పడుతున్నాయి. అందుకే గాలి కొడితే ఆయాసం, అందుకే ఆ నీరసం.

"ప్రమాదమా అమ్మా?" అంది అత్తయ్య.

"పట్టించుకోకపోతే ప్రమాదమే. వణికే గదిలో రక్తం కదలకుండా నిలవుంటే గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకు చేరితే కాలూ చెయ్యీ పడిపోతాయి. చాలామందికి అలా పడిపోయాకే తెలుస్తుంది. ముందు ఏ బాధా ఉండదు కొందరికి. వయసు మీదపడేకొద్దీ, బీపీ ఉంటే మరీనూ, ఇది వచ్చే అవకాశం ఎక్కువ. ఈయనకు బీపీ కూడా బాగా ఎక్కువగా ఉంది. ఎప్పుడైనా చూపించుకున్నారా?"

అందరూ మామయ్య కేసి చూశారు. ఆయన పైకప్పు కేసి చూశాడు.

"మీ అదృష్టం, తొందరగా వచ్చారు," అంది డాక్టరమ్మ. "రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర, గుండె వేగం తగ్గడానికి ఒకటి, బీపీకి ఒకటి. బాగుంది కదా అని మీ అంతట మీరు మానెయ్యకూడదు. దెబ్బ తగిలి నెత్తురు ఆగకపోతే వెంటనే రావాలి. కొట్టు నడుపుకోవచ్చు, మెల్లగా నడవండి, ఉప్పు తగ్గించండి. అన్నట్టు, మీకు ఇది ఉందని అసలెలా తెలిసింది?"

"ఆయనకు తెలియలేదమ్మా," అంది అత్తయ్య. "నాకుందనుకుని తీసుకొచ్చారు."

మందులు తీసుకుని బయటికొచ్చాక ఆస్పత్రి అరుగు మీద ఇద్దరూ కాసేపు కూర్చున్నారు. తమ్ముడు వ్యాను తేవడానికి వెళ్ళాడు. అత్తయ్యకు ముందు నవ్వొచ్చింది. తాళాల తాత చెయ్యి, పక్కింటావిడ చెయ్యి, ట్యాంకు నీళ్ళు, అన్నీ గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత ఆ కళ్ళలో నీళ్ళు ఆగలేదు. పమిటచెంగుతో ముఖం కప్పుకుంది.

"ఊరుకోవే. బతికే ఉన్నానుగా," అన్నాడు మామయ్య.

"నాకు చూపించింది ఆ పిల్ల, మూడు వేళ్ళతో చూడాలని. మీరు బొటనవేలు పెడుతుంటే చూస్తూనే ఉన్నాను. ఏ వేలైతే ఏముందిలే అనుకున్నాను."

"చెప్పొచ్చుగా మరి?"

"చెబితే నన్నే చూసుకోమంటారు. రోజూ పొద్దున్నే మీరలా పట్టుకుని కూర్చోవడం నాకు బాగుండేది," అంది అత్తయ్య, చెంగులోంచే. "ఇన్నాళ్ళూ నా చెయ్యి పట్టుకుని మీ గుండె మీరు విన్నారు. దానికి దిగులుపడింది మాత్రం నాకోసం."

మామయ్యకు సిగ్గేసింది, బెంగా వేసింది, పెళ్ళానికి ఏమీ లేదన్న సంతోషం వాటన్నిటినీ మించి పొంగుకొచ్చింది. అంతలో వ్యాను గుంటలన్నీ వెతుక్కుంటూ వచ్చి ఆగింది. అత్తయ్య లేచి వెళ్ళి, "దిగరా," అంది తమ్ముణ్ణి. వాడు బతుకుజీవుడా అని దిగాడు. ఆవిడ సీటు ముందుకు జరుపుకుని, అద్దం సర్దుకుని, తాళం తిప్పింది. పక్క సీట్లో మామయ్య ఈసారి కళ్ళు తెరిచే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గర కుర్చీలు మళ్ళీ ఎదురెదురుగా పడ్డాయి. ఈసారి చెయ్యి చాపింది మామయ్య. అత్తయ్య మూడు వేళ్ళూ ఆనించి నిమిషం నిండా లెక్కపెట్టింది. "ఇంకా గతి తప్పే ఉంది. కానీ వేగం కాస్త తగ్గింది. మందులు మొదలుపెట్టింది నిన్ననేగా, కుదురుకోవడానికి టైము పడుతుందట," అని ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టింది.

మామయ్య కదల్లేదు. "నీది చూడనీ," అన్నాడు.

"నాదింకా ఎందుకు? చక్కగా ఉందన్నారుగా."

"ఉందన్నారు. నేను వినలేదుగా."

అత్తయ్య ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. తన చెయ్యి చాపి, ఆయన చూపుడువేలూ మధ్యవేలూ ఉంగరపువేలూ కలిపి పట్టుకుని, తనే తీసుకెళ్ళి ఎముక పక్క పల్లంలో ఆనించింది. "గట్టిగా నొక్కకండి. టైరు కాదు," అంది.

మొదట ఏమీ తెలియలేదు. మామయ్య భయపడ్డాడు. అత్తయ్య ఆయన వేళ్ళను కొంచెం లోపలికి జరిపింది. అప్పుడు తగిలింది. ఆయన ఇన్నాళ్ళూ విన్నదానికీ దీనికీ పోలికే లేదు. నెమ్మదిగా, నిబ్బరంగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా, ఒకదాని వెనక ఒకటి.

"ఇదా నీది?" అన్నాడు. 

"అదే."

"ఇంత నెమ్మదిగానా?"

"ఇరవైమంది పిల్లల్ని తీసుకెళ్ళేదాన్ని. అలాగే ఉండాలి మరి," అంది అత్తయ్య. "ఇక వదలండి, పిల్లలు ఎదురుచూస్తుంటారు," అంది.

"నిమిషం నిండలేదు."

నిమిషం ఎప్పుడో నిండింది. గోడ గడియారం ఇద్దరికీ ఎదురుగానే ఉంది. అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకోలేదు.